బుచ్చిరాములు కాళ్లు

రామన్నపేట,
27 అక్టోబర్ 2022.

స్వర్ణకు, నీ వదిన శారద రాస్తున్నది.

ముందు ఒక మాట. ఈ ఉత్తరం మొత్తం చదివే తీరిక లేకపోయినా ఈ ఒక్క పని చెయ్యి. నీ బిడ్డ నిరోషను పరుగెత్తనివ్వకు. కానిస్టేబుల్ రాతపరీక్ష పాసైందని, డిసెంబర్‌లో పరుగు పరీక్ష ఉందని, రోజూ పొద్దున కాలువ గట్టు మీద పరుగెత్తుతున్నదని నువ్వే సంతోషంగా చెప్పావు. ఆపించు. ఎందుకో కింద రాస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. మీ ఇంట్లో ఫోన్ మగ్గం పక్క గూట్లో ఉంటుంది. స్పీకర్ పెట్టి మాట్లాడతారు. నేను సగం చెప్పేలోపల మా తమ్ముడు సీతారాములు మిగతా సగం తనే చెప్పి పెట్టేస్తాడు. అందుకని అంగన్‌వాడీ సైదమ్మ పేరున పంపుతున్నాను. నీ చేతికే ఇస్తానని మాటిచ్చింది.

పది రోజుల కింద నా మోచేతుల దురద చూపించుకుందామని హైదరాబాద్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మందు రాస్తూ, ఇంట్లో ఇంకెవరికైనా చర్మం బాధ ఉందా అని అడిగింది. లేదన్నాను. లేచి వస్తూ మాట వరసకు, మా అబ్బాయికి చిన్నప్పటి నుంచే అరచేతులు, అరికాళ్లు మందంగా ఉండేవమ్మా, అది రోగం కాదు, మా వంశంలో మగ్గం గుర్తు అన్నాను. ఆమె కలం కింద పెట్టింది.

"ఫోటో ఉందా?"

అశోక్ ఫోటో చూపించాను. చేతులు చూస్తుందనుకున్నాను. తల దగ్గర పెద్దది చేసి చూసింది.

"పుట్టినప్పటి నుంచీ జుట్టు ఇట్లా గొర్రె ఉన్నిలాగే ఉండేదా?"

"అవును."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"లేడమ్మా. నిరుడు ఫిబ్రవరిలో వాలీబాల్ ఆడుతూ కింద పడ్డాడు. మళ్లీ లేవలేదు. ఇరవై మూడేళ్లు."

ఆమె నన్ను మళ్లీ కూర్చోమన్నది. బయట మనుషులు నిలబడి ఉన్నారు. అయినా నలభై నిమిషాలు మాట్లాడింది. ఆమె చెప్పింది గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

ఒంట్లో కణం పక్కన కణం ఊరికే ఉండదట. రెండింటినీ పట్టి ఉంచే అతుకులుంటాయట. ఆ అతుకులు కొన్ని ప్రొటీన్లతో తయారవుతాయి. ఒకదాని పేరు కాగితం మీద రాసిచ్చింది, డెస్మోప్లాకిన్. చర్మంలో ఏ అతుకులున్నాయో గుండె కండరంలోనూ అవే ఉన్నాయట. ఆ ప్రొటీన్ పుట్టుకతోనే సరిగా లేకపోతే, రాపిడి ఎక్కువ ఉన్న చోట అతుకు వదులవుతుంది. అరచెయ్యి, అరికాలు, గుండె. చర్మమైతే మందంగా మారి తనను తాను కాపాడుకుంటుంది. గుండెకు ఆ ఉపాయం లేదు. ఊడిన చోట కొవ్వు, మచ్చ పేరుకుంటాయి. ఆ మచ్చల దగ్గర గుండెలో నడిచే కరెంటు దారి తప్పుతుంది. పరుగు, ఆట, బరువు పని ఎక్కువైతే ఒక్కసారిగా ఆగిపోవచ్చు.

మా వాడికి అదేనా అని అడిగాను. మనిషి లేడు కాబట్టి ఖాయంగా చెప్పలేను అన్నది. తర్వాత ఆమె ఇంకొకటి అడిగింది.

"ఇట్లాంటి జుట్టు, ఇట్లాంటి చేతులు మీ వాళ్లలో బతికి ఉన్నవాళ్లకు ఎవరికైనా ఉన్నాయా?"

నిరోషకు ఉన్నాయని చెప్పాను. స్వర్ణా, వేరే కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసి పెట్టాను. నిరోషకు గుండె దడదడ కొట్టుకుంటుందా? ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిందా? అరికాళ్లు ఏ వయసులో మందమయ్యాయి? పరుగెత్తితే ఆయాసం మామూలు కంటే ఎక్కువసేపు ఉంటుందా? ఒక్కోదానికి ఎదురుగా జవాబు రాసి, నేను పెట్టిన కవరులోనే పంపు. మీ అన్నకు కూడా చెప్పాను. విని బయటికి పోయాడు.

శారద


ఆత్మకూర్,
5 నవంబర్ 2022.

వదినకు స్వర్ణలత దండాలు.

నీ ఉత్తరం అందింది. చదివాను. రెండోసారి చదవబుద్ధి కాలేదు.

వదినా, గిదేంది? నా బిడ్డ ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల లోపల పరుగెత్తుతున్నది. వాళ్లు అడిగింది ఐదు నిమిషాల ఇరవై సెకన్లు. దోస్తు ప్రవళిక వెనకపడితే దాన్ని కూడా చెయ్యి పట్టి గుంజుకొస్తది. అట్లాంటి పిల్లకు గుండె జబ్బు అని రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చింది?

అశోక్ పోయినప్పుడు నేను నెల రోజులు మీ ఇంట్లోనే ఉన్నాను. నీ దుఃఖం నాకు తెలియనిది కాదు. వాడు నాకు మేనల్లుడే కాదు, అల్లుడు కావలసినవాడు. ఇంకో మూడు నెలలు బతికితే నిరోష మెడలో పుస్తె కట్టేవాడు. పోయినవాడి రోగాన్ని తెచ్చి ఉన్నదాని మీద పెట్టకు.

నీ తమ్ముడికి ఉత్తరం చూపించలేదు. మాటల్లో మాటగా, ఈ అరికాళ్లు డాక్టరుకు చూపిద్దామా అని మాత్రం అడిగాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నాడు. లేవలేదు.

"ఎందుకు?"

"మందంగ ఉన్నయి గదా."

"అయి బుచ్చిరాములు మామ కాళ్లే. పోయిన జన్మల మగ్గం తొక్కినోళ్లకే వస్తయి. మా ఇంట్ల అందరికి వస్తయా? ఎంచుకొని వస్తయి. నీకు రాలె, నాకు రాలె. దానికొచ్చినయి."

"బుచ్చిరాములు చిన్నబాపు ముప్పై ఒక్క ఏండ్లకే పోయిండు గదా."

"ఎట్ల పోయిండు? మంచంల పడ్డడా, దగ్గిండా? మగ్గం మీద కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. కాళ్లు గుంటలనే ఉన్నయి. గసొంటి సావు ఎవ్వలకొస్తది?"

ఆయన పటానికి ఏటా కొత్త చీర మొదటి కొంగు ఆనిచ్చి దండం పెట్టే ఇల్లు ఇది. నీకు తెలుసు. నువ్వూ పెట్టినదానివే.

నీ నాలుగు ప్రశ్నలకు జవాబు. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏడాది వయసులో, ఏమీ లేదు.

స్వర్ణలత


రామన్నపేట,
10 నవంబర్ 2022.

స్వర్ణకు,

నీ కోపం నాకు అందింది. జవాబు రాయనని అనుకుని ఉంటావు. రాస్తాను.

బుచ్చిరాములు మామ పటానికి నేనూ దండం పెట్టాను. అశోక్ పుట్టిన ఏడాదికి అరికాళ్లు గరుకెక్కితే, మామ మళ్లీ పుట్టాడని ఊరంతా చక్కెర పంచాను. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆయనకు ఉన్ని జుట్టు, మందం కాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లకు కూర్చున్న చోటే పోయాడు. అశోక్‌కు ఉన్ని జుట్టు, మందం కాళ్లు. ఇరవై మూడేళ్లకు పోయాడు. ఈ రెండూ నేను పక్కపక్కన పెట్టి ఎన్నడూ చూడలేదు. ఒకటి దేవుడి గదిలో పెట్టాము, ఇంకొకటి మన్నులో పెట్టాము.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఈసారి మన రెండు ఇళ్ల మనుషులను ఒక కాగితం మీద గీసుకుపోయాను. మా అమ్మ, మీ నాయన, బుచ్చిరాములు మామ, ముగ్గురూ ఒక తల్లి పిల్లలు. మా అమ్మకు నేను, సీతారాములు. మీ నాయనకు మీ అన్న మురళీమోహన్, నువ్వు. మనది కుండమార్పిడి పెండ్లి. మీ ఇంటి పిల్లవాడికి నేను, మా ఇంటి పిల్లవాడికి నువ్వు. ఆమె ఆ కాగితం చూసి, వేలితో రెండు గీతలు కలిపి చూపించింది.

ఈ లోపం ఒక్క వైపు నుంచి వస్తే మనిషికి ఏమీ కాదట. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిసినప్పుడే బయటపడుతుందట. మన నలుగురి దగ్గరా ఒక్కొక్కటి ఉండవచ్చు. అందుకే నా చేతులు మెత్తగా ఉన్నాయి, నీ చేతులు మెత్తగా ఉన్నాయి. నా కొడుకుకు ఎట్లా వచ్చిందో నీ బిడ్డకూ అట్లాగే వస్తుంది. ఒకే రెండు ఇళ్లు, అటు ఇటు మారాయి, అంతే. ఇది ఎవరి తప్పూ కాదని ఆమె రెండుసార్లు చెప్పింది.

ఆ దవాఖానలోనే గుండె డాక్టరు ఉన్నాడు. డిసెంబర్ 12కు నిరోష పేరు రాయించాను. ఒక రోజంతా ఒంటికి ఒక చిన్న యంత్రం కట్టి గుండె ఎట్లా కొట్టుకుంటున్నదో చూస్తారు. స్కానింగ్ చేస్తారు. అంతవరకు పరుగు ఆపమని చెప్పు.

ఇంకొకటి అడుగుతున్నాను, దాచకు. దాని అరికాళ్లు నువ్వు ఇప్పటికీ ఉప్పునీళ్లలో నానబెట్టి బ్లేడుతో గీకుతున్నావా? మొదటి నుంచి నాకు ఈ అనుమానం ఉంది. గీకకపోతే ఆ కాళ్లతో నాలుగు రోజులు కూడా పరుగెత్తలేదు. పగుళ్లు వస్తాయి. అశోక్‌కు నేనే గీకేదాన్ని. ఆటకు పోయే ముందు రోజు.

శారద


ఆత్మకూర్,
18 నవంబర్ 2022.

వదినకు,

నీ మాట తీసేయలేక నిన్న నిరోషను వనపర్తి తీసుకుపోయాను. దానికి కడుపునొప్పి అని ఇంటాయనకు చెప్పాను. డాక్టరు గుండె పట్టీ, అదే ఈసీజీ, తీశాడు. పడుకోబెట్టి రెండు నిమిషాల్లో తీశాడు. మంచిగానే ఉందన్నాడు. పరుగెత్తే పిల్లకు గుండె గట్టిగానే ఉంటుంది, ఫికర్ చేయకుండ్రి అన్నాడు. ఆ కాగితం నకలు ఇందులో పెట్టాను. చూసుకో. మీ డాక్టరమ్మకు కూడా చూపించు.

చివరికి ఇంటాయనకు తెలిసిపోయింది. నిరోషే చెప్పేసింది. ఆయన నవ్వాడు. "అక్కకు కొడుకు పోయినప్పటి సంది ఎవ్వల జూసినా పోయేటోళ్ల లెక్కనే కొడతాండ్రు" అన్నాడు. నిరోష కూడా నవ్వింది. "అత్తమ్మను నా పరుగు చూడనీకి పిలువుర్రి, దెబ్బకు తగ్గుతది" అన్నది. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియలేదు.

పిల్ల జీవితంలో ఇది ఒక్క అవకాశం. మగ్గం మీద రోజంతా కూర్చుంటే ఏమొస్తుందో నీకు నేను చెప్పాలా? అది ఖాకీ బట్టలు వేసుకుని వస్తే చూడాలని నాకు ఉండదా? ఎండకు ఎవరికైనా ఒకసారి కళ్లు తిరుగుతాయి. అది కూడా గుండె జబ్బేనా? ఇంక దీని గురించి రాయకు.

స్వర్ణలత


రామన్నపేట,
22 నవంబర్ 2022.

స్వర్ణా,

ఎవరికి కళ్లు తిరిగాయి?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను ఎండ మాట రాయలేదు. ఎవరూ అడగని దానికి జవాబు చెప్పావు. నా రెండో ప్రశ్నకు మొదటిసారి నువ్వు ఏమీ లేదని రాశావు.

నీ కాగితం డాక్టరమ్మకు ఫోన్లో పంపాను. గుండె డాక్టరుతో మాట్లాడి చెప్పింది. రెండు మూడు గీతలు తనకు నచ్చలేదన్నాడట. మంచిగా ఉన్నా సరే, ఒక్క పట్టీతో ఈ జబ్బు లేదని అనలేమన్నాడట. నాకు అర్థమైనట్టు నేను చెబుతాను. పాత పడుగుకు కొత్త పడుగును పోగు పోగుకు అతుకుతాము కదా. అతుకు సరిగా పడలేదనుకో. మగ్గం ఆగి ఉన్నంతసేపు ఏ పోగు చూసినా బాగానే ఉంటుంది. తొక్కడం మొదలుపెట్టినంకనే తెగేది. మీరు పడుకోబెట్టి చూశారు. అది పరుగెత్తుతున్నది.

ఇప్పుడు నేను ఒకటి చెప్పాలి. ఇది మీ అన్నకు కూడా ఇంతవరకు తెలియదు. ఈ ఉత్తరం రాసినాక చెబుతాను.

అశోక్ చనిపోవడానికి మూడు నెలల ముందు, కార్తీకంలో, గుట్ట మెట్లు ఎక్కుతూ పడిపోయాడు. వాడి వెనకే నేనున్నాను. కళ్లు తేలేశాడు. నేను ముఖం మీద నీళ్లు కొట్టాను. నిమిషం లోపలే లేచాడు. పొద్దటి నుంచి ఏమీ తినలేదమ్మా, అందుకే అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కాదు, అనుకున్నట్టు రాస్తున్నాను. నిజంగా నేను అనుకున్నది వేరు. అప్పటికి వారం కిందే మీరు వచ్చి లగ్గం ఖాయం చేసుకుపోయారు. పిల్లవాడికి మూర్ఛ ఉన్నదని మాట పుడితే నువ్వు ఒప్పుకున్నా సీతారాములు ఒప్పుకోడని నాకు భయమేసింది. మెట్ల మీదనే వాడికి చెప్పాను, "ఎవ్వలకు చెప్పకు బిడ్డా, లగ్గం కానీ" అని. వాడు సరేనన్నాడు.

ఆ రోజు దవాఖానకు తీసుకుపోయి ఉంటే బతికేవాడా? డాక్టరమ్మను అడిగాను. ఆమె నా ముఖం చూసి, చెప్పలేమమ్మా అన్నది. చెప్పగలదు. చెప్పలేదు.

నీ బిడ్డతో సంబంధం చెడుతుందని నా కొడుకు సంగతి నీకు దాచాను. నువ్వు ఇప్పుడు నాకు ఏం దాస్తున్నావో నాకు తెలియదు. నన్ను తిట్టు. ఇంకెప్పుడూ మా గడప తొక్కకు. కానీ రెండో ప్రశ్నకు జవాబు రాయి.

శారద


ఆత్మకూర్,
30 నవంబర్ 2022.

వదినా,

నీ ఉత్తరం అంగన్‌వాడీలో చదివాను. సైదమ్మ గుడ్లు పంచుతున్నది. నా ముఖం చూసి పిల్లలను బయటికి పంపింది.

తిట్టాలనే కూర్చున్నాను. రెండు కాగితాలు రాసి చింపాను. నా బిడ్డను ఆ పిల్లవాడికి కట్టబెట్టాలని చూసినవా, ఏం మనిషివి నువ్వు అని రాశాను. రాస్తుంటే నా చెయ్యే ఆగిపోయింది. నేను చేసింది ఏమిటి?

సెప్టెంబర్‌లో, వినాయకుని నిమజ్జనం అయిన వారానికి, నిరోష కాలువ గట్టు మీద పడింది. ప్రవళిక పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను పిలిచింది. నేను పోయేసరికి లేచి కూర్చున్నది. పెదవులు తెల్లగా ఉన్నాయి. "ఎండకమ్మా" అన్నది. అప్పటికి ఇంకా ఎండ ఎక్కలేదు వదినా. ఆరున్నర. నేను ప్రవళికతో ఒట్టు వేయించుకున్నాను. ఇంట్లో తెలిస్తే వాళ్ల బాపు పరుగు మాన్పిస్తాడని, ఊళ్లో తెలిస్తే ఉద్యోగం వచ్చినా పిల్లను ఎవరూ చేసుకోరని. నీకు లగ్గం, నాకు ఉద్యోగం. అంతే తేడా.

కాళ్లు గీకుతున్నావా అని అడిగావు. ప్రతి ఆదివారం గీకుతున్నాను. లేకపోతే బూట్లు ఎక్కవు. ఇరవై ఒక్కేళ్ల నుంచి ఇదే పని. నీ ఉత్తరం వచ్చినాక మొన్న ఆదివారం నీళ్లు పెట్టలేదు.

"అమ్మా, నీళ్లు?"

"నేను గీక."

"ఎందుకు? చెయ్యి నొస్తాందా?"

"నొస్తలేదు. గీకితే నువ్వు ఉరుకుతవు. అందుకే గీక."

"అత్తమ్మ మల్ల రాసిందా?" అన్నది. రాసిందన్నాను. "ఆమె కొడుకును ఆమె కాపాడుకోలే, ఇప్పుడు నా ఉద్యోగం మీద పడ్డదా" అన్నది. నీకు రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను, ఎందుకంటే ఇంక ఏదీ దాచబుద్ధి కావడం లేదు.

తనే నీళ్లు కాచుకుంది. తనే బ్లేడు తీసుకుంది. తన కాలు తాను గీక్కోవడం అలవాటు లేదు. మడమ దగ్గర లోతుగా తెగింది. నెత్తురు గుంటలోకి జారింది, మగ్గం దాకా. ఇంటాయన కేకేసుకుంటూ లేచాడు. "ఏందే ఇది, పిల్ల కాలు కోసుకుంటాంటే చూస్తాన్నవా?" అన్నాడు. అప్పుడు చెప్పాను. కాలువ గట్టు మీద పడ్డది చెప్పాను. అశోక్ గుట్ట మెట్ల మీద పడ్డది కూడా చెప్పాను. నన్ను క్షమించు, నీ రహస్యం నా దగ్గర మూడు రోజులు కూడా నిలవలేదు.

ఆయన తిట్టలేదు, నవ్వలేదు. ఆ మధ్యాహ్నం మగ్గం ఎక్కలేదు. ఆ మరునాడూ ఎక్కలేదు.

నిరోష మాత్రం కాలికి పట్టీ కట్టుకుని, మానగానే ఉరుకుతానంటున్నది. పద్నాలుగో తేదీన మహబూబ్‌నగర్‌లో పరుగు. హాల్‌టికెట్ వచ్చింది. నువ్వు పన్నెండుకు రాయించావు. పరుగు అయినాక ఏ దవాఖానకైనా వస్తానంటున్నది. నా మాట అందుతలేదు. నువ్వే రాయి దానికి. నీ మీద కోపంతోనైనా చదువుతది.

స్వర్ణ


రామన్నపేట,
4 డిసెంబర్ 2022.

నిరోషకు, అత్తమ్మ రాస్తున్నది.

నేను నా కొడుకును కాపాడుకోలేదని నువ్వు అన్నావట. నిజమే. అందుకే ఈ ఉత్తరంలో నీకు నీతులు చెప్పను.

నువ్వు చిన్నపిల్లవు కాదు. నీ ఒళ్లు నీది, నీ పరీక్ష నీది. నాకున్నది ఒక్క బేరం. పన్నెండో తేదీ పొద్దున తొమ్మిదింటికి దవాఖానకు రా. యంత్రం కట్టుకో. పదమూడు పొద్దున తీస్తారు. అది చూసి, ఈ పిల్ల పరుగెత్తవచ్చు అని గుండె డాక్టరు సంతకం పెడితే, ఆ సాయంత్రమే బస్సులో నేను నీతో మహబూబ్‌నగర్ వస్తాను. నీ కాళ్లు నేనే గీకుతాను. నీకు గంట కూడా నష్టం కాదు. పద్నాలుగున నువ్వు గీత దగ్గర ఉంటావు.

సంతకం పెట్టకపోతే ఉండవు. రెండో మాట లేదు.

నీకు ఏమీ లేదని నీకు అంత నమ్మకం ఉంటే ఈ బేరంలో నువ్వు పోగొట్టుకునేది ఏమీ లేదు. రావడానికి భయమేస్తే, ఆ భయం ఎందుకో నిన్ను నువ్వు అడుగు.

గేటు దగ్గర ఉంటాను.

అత్తమ్మ


హైదరాబాద్, దవాఖాన,
22 డిసెంబర్ 2022.

అత్తమ్మకు నిరోష రాస్తున్నది.

మొన్నటి దాకా నువ్వు ఇక్కడే నా మంచం పక్కన ఉన్నావు. నీతో ఒక్క మాట సరిగా మాట్లాడలేదు. నువ్వు బత్తాయి ఒలిచి ఇస్తే గోడ వైపు తిరిగాను. ఎదురుగా అయితే నాకు చేతకాదు. నిన్నూ అమ్మనూ చూసి ఉత్తరమే మంచిదనిపించింది.

నీ బేరానికి వచ్చాననుకుంటున్నావు. కాదు. నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. పదకొండో తేదీ పొద్దున బాపు కొత్త చొక్కా వేసుకుని సంచి పట్టుకుని నిలబడ్డాడు. "నడువు" అన్నాడు. నేను రాను అన్నాను. ఆయన కొట్టలేదు. "బుచ్చిరాములు మామ మగ్గం మీద పోయిండని పటం కట్టి ఇన్నేండ్ల సంది దండం పెడుతున్న. మొక్కింది దేనికో ఇప్పుడు ఎరుకైంది. ఇంకో పటానికి గోడ మీద జాగా లేదు బిడ్డా" అన్నాడు. జాగా చాలా ఉంది అత్తమ్మా. నాలుగు గోడలూ ఖాళీయే. అయినా చెప్పులేసుకున్నాను.

ఇక్కడికి వచ్చాక నేను చేసింది నీకు తెలియదు. యంత్రం కట్టిన రోజు సాయంత్రం మీరంతా టీకి కిందికి పోయినప్పుడు నేను మెట్ల దగ్గరికి పోయాను. రెండు అంతస్తులు, ఆగకుండా, రెండుసార్లు ఎక్కాను. నా గుండె గట్టిదని ఆ యంత్రానికి చూపించాలని. నిశ్శబ్దంగా కూర్చుంటే అది నా గురించి ఏం తెలుసుకుంటుంది? పైమెట్టు మీద కళ్ల ముందు నల్లగా అయింది. గోడ పట్టుకుని కూర్చున్నాను. తర్వాత వచ్చి మంచం మీద పడుకున్నాను. నువ్వు వచ్చి టీ తాగుతావా అన్నావు. వద్దన్నాను.

మరునాడు యంత్రం చూసిన అబ్బాయి లేచి పోయాడు. డాక్టరును తీసుకొచ్చాడు. డాక్టరు నన్ను ఒకటే అడిగాడు. "నిన్న సాయంత్రం ఐదూ నలభైకి ఏం చేశావమ్మా?" అబద్ధం చెప్పడానికి లేకుండా పోయింది, గంట, నిమిషం పట్టుకున్నాడు. నా కాళ్ల మీద నడిచి వచ్చినదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోయారు.

పద్నాలుగున నేను తీగలతో మంచం మీద ఉన్నాను. మధ్యాహ్నం ప్రవళిక ఫోన్ చేసింది. ఐదు నిమిషాల ఆరు సెకన్లు. పాసైంది. ఏడ్చింది. "నువ్వు గుంజకపాయె, నాకే నేను గుంజుకున్న" అన్నది. సంతోషమని చెప్పి పెట్టేశాను. సంతోషం కాదు. ఇది కూడా ఎవరికో ఒకరికి చెప్పాలి.

ఎడమ భుజం ఎముక కింద ఆపరేషన్ చేసి పెట్టిన పరికరం పడుకుంటే తగులుతున్నది. గుండె దారి తప్పితే అదే ఒక దెబ్బ కొట్టి మళ్లీ దారికి తెస్తుందట. ఇంక పరుగు లేదు, ఆట లేదు. నడవవచ్చు. కూర్చునే ఉద్యోగాలకు రాసుకోమన్నారు. అమ్మ రక్తం, బాపు రక్తం, నాది పరీక్షకు పంపారు. నీదీ, మామదీ కూడా ఇవ్వమన్నారు. ఆ డెస్మోప్లాకిన్ సంగతి నెలన్నరకు తెలుస్తుందట.

ఇప్పుడు నువ్వు అడగనిది.

అమ్మకు తెలిసి నేను పడింది ఒక్కసారి. పడింది రెండుసార్లు. రెండోది బతుకమ్మ రోజుల్లో, ఒక్కదాన్నే ఉన్నప్పుడు. ఎవరికీ చెప్పలేదు.

అశోక్ బావ గుట్ట మెట్ల మీద పడ్డ సంగతి నువ్వు ఒక్కదానివే దాచలేదు. ఆ సాయంత్రమే బావ నాకు ఫోన్ చేశాడు. "అమ్మ ఎవ్వలకు చెప్పొద్దన్నది. నీకొక్కదానికే చెప్తున్న" అన్నాడు. నేను "సస్తవా ఏంది బావా, లగ్గం కాకముందే?" అని నవ్వాను. బావ కూడా నవ్వాడు. అప్పుడు ఇంట్లో చెబితే లగ్గం ఆగుతుందని నాకూ భయమేసింది. బావ పోయినాక ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. మొన్న అమ్మతో నీ గురించి అన్న మాట నిజానికి నన్ను నేను అనుకున్నది.

బావ పోయినప్పుడే నేను చెప్పి ఉంటే నా కాళ్లు అప్పుడే ఎవరో చూసేవాళ్లు కావచ్చు. కాకపోవచ్చు. నీకు డాక్టరమ్మ చెప్పినట్టే, చెప్పలేము.

నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. పోతున్నది.

పోస్టు డబ్బా గేటు పక్కన ఉంది. మూడింటికి తీస్తారట. ఇప్పుడు మూడుకు ఐదు నిమిషాలు తక్కువ. ఒకప్పుడైతే రెండు గంతుల్లో దిగేదాన్ని. నడిచే పోతున్నాను. అందకపోతే రేపు తీస్తారు.

నిరోష